కరెంటు కోత, ఇంటి బ్యాటరీ: దక్షిణాఫ్రికాలో ఒక చిన్న చరిత్ర

దక్షిణాఫ్రికాలో ఉన్న మన కుటుంబాల్లో కొన్నేళ్ళుగా ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఇంటికి సోలార్ బ్యాటరీ పెట్టించుకోవాలా, వద్దా? ఇక్కడ డర్బన్‌లో గుడికి వచ్చే పెద్దవాళ్ళు నన్ను కూడా అడుగుతుంటారు. వాళ్ళలో చాలామంది రిటైరైనవాళ్ళు. చేతిలో ఉన్నది పెన్షన్ డబ్బు. పిల్లలు వేరే ఊళ్ళలోనో, వేరే దేశాల్లోనో ఉన్నారు. గోడకు తగిలించే ఒక పెట్టె కోసం ఆ డబ్బులో పెద్ద భాగం ఇవ్వాలంటే భయం వేస్తుంది.

నేను ఇంజినీరును కాను. చరిత్ర చదవడం నాకు ఇష్టం, తెలుగులో రాయడం ఇంకా నేర్చుకుంటున్నాను. ఆ బ్యాటరీ మన గోడ మీదకు ఎందుకు వచ్చిందో తెలిస్తే, అది మనకు అవసరమో కాదో చెప్పడం సులభమవుతుందని నా నమ్మకం. అందుకే ఈసారి ఆ కథ రాస్తున్నాను.

ముందు కొన్ని మాటలు

పుస్తకాల్లో ‘విద్యుత్తు’ అంటారు. ఇంట్లో ‘కరెంటు’ అంటారు. నేను కరెంటు అనే రాస్తాను.

ఇక్కడ మనం ‘లోడ్ షెడ్డింగ్’ అనేదాన్ని ఆంధ్ర, తెలంగాణ పత్రికలు ‘కరెంటు కోత’ అని రాస్తాయి. కోత అంటే కోయడం. వరి కోత, చెరకు కోత కూడా అదే మాట. మన ముత్తాతలు ఈ దేశానికి వచ్చింది చెరకు కోతకే.

‘వాట్’ అనేది ఒక వస్తువు ఎంత వేగంగా కరెంటు తింటుందో చెబుతుంది. ‘యూనిట్’ అనేది మొత్తం ఎంత తిన్నదో చెబుతుంది. 1,000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్ అవుతుంది. కుళాయి నుంచి నీళ్ళు ఎంత ధారగా పడుతున్నాయన్నది వాట్ లాంటిది. బిందెలో ఎన్ని నీళ్ళు పట్టామన్నది యూనిట్ లాంటిది. బ్యాటరీ కొనేవాళ్ళు ఈ రెండూ విడివిడిగా అడగాలి. ‘ఇది 5 కిలోవాట్లు’ అని మాత్రమే చెబితే మీకు ధార తెలిసింది, బిందె తెలియలేదు.

కరెంటు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు

1860 నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది భారతీయులు కూలి ఒప్పందాల మీద నటాల్‌కు వచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళు మద్రాసు రేవులో ఓడ ఎక్కి వచ్చారు. చెరకు తోటల పక్కన బారకాసుల్లో ఉన్నారు. అక్కడ దీపం అంటే నూనె దీపం, లేకపోతే పారఫిన్ దీపం. తెలుగులో దాన్ని కిరసనాయిలు అంటారు.

ఈ దేశంలో కరెంటు మాత్రం చాలా త్వరగా వచ్చింది. వజ్రాల ఊరు కింబర్లీలో 1882లోనే వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. 1923లో ప్రభుత్వం ఒక విద్యుత్ సంస్థను పెట్టింది. ఇప్పుడు మనం ఎస్కమ్ అని పిలిచేది దాన్నే. గనులకు, ఫ్యాక్టరీలకు, రైళ్ళకు చవకగా కరెంటు ఇవ్వడం దాని పని. బొగ్గు దండిగా ఉంది కాబట్టి అది సాధ్యమైంది.

ఆ కరెంటు అందరి ఇళ్ళకూ రాలేదు. వర్ణవివక్ష కాలంలో తెల్లవాళ్ళ పేటలకు తీగలు ముందు వెళ్ళాయి. నల్లవాళ్ళ పేటలు, పల్లెలు చీకట్లో ఉండిపోయాయి. 1980ల్లో ఎస్కమ్ దగ్గర కరెంటు మిగిలిపోయేంత ఉండేది. అయినా దేశంలో ఎక్కువ ఇళ్ళకు కనెక్షన్ లేదు. ఈ విషయం గుర్తు పెట్టుకోండి. కరెంటు లేకపోవడానికి ప్రతిసారీ కొరతే కారణం కాదు.

1994లో కొత్త ప్రభుత్వం వచ్చింది. ఆ తర్వాత ఐదారేళ్ళలో సుమారు 25 లక్షల ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చారు. ఇది చాలా గొప్ప పని. దీన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ ఇళ్ళు పెరిగాయి, ఫ్యాక్టరీలు పెరిగాయి. కొత్త కేంద్రాలు మాత్రం కట్టలేదు.

ముందే చెప్పిన మాట

1998లో ప్రభుత్వమే ఒక ఇంధన విధాన పత్రం విడుదల చేసింది. వాడకం ఇలాగే పెరిగితే సుమారు 2007 నాటికి ఉన్న కేంద్రాలు సరిపోవని అందులో రాశారు. అంటే తొమ్మిదేళ్ళ ముందే తెలుసు. ఆ రోజుల్లో కరెంటు ఉత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలను తేవాలని ప్రభుత్వం అనుకుంది. అందుకని కొత్త కేంద్రాలు కట్టడానికి ఎస్కమ్‌కు అనుమతి ఇవ్వలేదు. ప్రైవేటు కంపెనీలూ రాలేదు. సంవత్సరాలు అలా గడిచిపోయాయి.

చెప్పిన సమయానికే కొరత వచ్చింది. 2007 చివర్లో కోతలు మొదలయ్యాయి. 2008 జనవరిలో పెద్ద బంగారు గనులు, ప్లాటినం గనులు కొన్ని రోజులు పని ఆపేశాయి. అంతకు కొద్ది వారాల ముందు, 2007 డిసెంబరులో, అప్పటి అధ్యక్షుడు థాబో ఎంబెకీ ఒక సభలో ఎస్కమ్ చెప్పిందే సరి, ప్రభుత్వానిదే పొరపాటు అని బహిరంగంగా ఒప్పుకున్నారు.

తర్వాత మెడుపి, కుసిలె అనే రెండు పెద్ద బొగ్గు కేంద్రాలు మొదలుపెట్టారు. ఒక్కొక్కటి సుమారు 4,800 మెగావాట్లు. రెండూ చాలా ఆలస్యమయ్యాయి, ఖర్చు చాలా పెరిగింది. మెడుపి 2021లో పూర్తయింది. పూర్తయిందని ప్రకటించిన కొన్ని రోజులకే, 2021 ఆగస్టులో, అక్కడ ఒక జనరేటర్ పేలిపోయింది. ఈలోగా పాత కేంద్రాలకు సరైన మరమ్మతులు జరగలేదు. అవినీతి కూడా సంస్థను లోపల నుంచి తినేసింది.

2014, 2015 సంవత్సరాల్లో కోతలు మళ్ళీ వచ్చాయి. 2019 డిసెంబరులో మొదటిసారి ‘స్టేజ్ 6’ విన్నాం. ఒక్కో స్టేజికి సుమారు 1,000 మెగావాట్లు కోస్తారు. స్టేజ్ 6 అంటే 6,000 మెగావాట్ల కోత. 2023లో 330 రోజులకు పైగా ఏదో ఒక సమయంలో కోత ఉంది. ఒక్కో విడత మామూలుగా రెండు గంటలు, కొన్ని చోట్ల నాలుగు గంటలు. పెద్ద స్టేజ్ రోజుల్లో ఇలాంటి విడతలు పలుసార్లు వచ్చేవి. పెళ్ళి ముహూర్తానికి పంచాంగం చూసినట్టు, సాయంత్రం భజన పెట్టడానికి ఫోనులో కోతల టైము చూసేవాళ్ళం.

బ్యాటరీ ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు బ్యాటరీ సంగతి చూద్దాం. ఇది కొత్త వస్తువు కాదు. ఇటలీలో వోల్టా 1800లో మొదటి బ్యాటరీ గురించి లోకానికి చెప్పాడు. దాన్ని మళ్ళీ ఛార్జ్ చేయడానికి వీలు లేదు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసం, ఆమ్లం వాడి మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేయగల బ్యాటరీ చేశాడు. మన కారులో ఉన్నది ఇప్పటికీ ఆ జాతిదే. అంటే మన వాళ్ళు మొదటి ఓడలో నటాల్‌కు రావడానికి ఒక్క ఏడాది ముందు అది పుట్టింది.

ఎండ నుంచి కరెంటు తీసే సిలికాన్ పలకను 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాల వాళ్ళు చూపించారు. లిథియం బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో అమ్మకానికి తెచ్చింది. కెమెరాల్లోకి, ఫోన్లలోకి అది వచ్చింది. 1997లో టెక్సాస్‌లో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం లిథియం బ్యాటరీకి ఇనుము, ఫాస్ఫేటు పనికొస్తాయని చూపించింది. ఆయనకు, మరో ఇద్దరికి కలిపి 2019లో లిథియం బ్యాటరీల పనికి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు మన ఊళ్ళో ఇళ్ళకు పెడుతున్న బ్యాటరీలు చాలావరకు ఈ ఇనుము–ఫాస్ఫేటు రకమే. ఇది త్వరగా వేడెక్కి అంటుకోదు, వేల సార్లు ఛార్జ్ అవుతుంది. 2015లో టెస్లా గోడకు తగిలించే బ్యాటరీని ప్రకటించిన తర్వాత ‘ఇంటి బ్యాటరీ’ అనే మాట అందరికీ తెలిసింది.

భయం తెచ్చిన వస్తువు

చాలా దేశాల్లో ముందు ఇంటి కప్పు మీదకు పలకలు వచ్చాయి, తర్వాత బ్యాటరీ వచ్చింది. బిల్లు తగ్గించుకోవడం అక్కడి ఉద్దేశం. మన దేశంలో చాలా ఇళ్ళలో ఇది తిరగబడింది. ముందు బ్యాటరీ, తర్వాత పలకలు. మనకు కావలసింది బిల్లు తగ్గడం కాదు, రాత్రి ఏడింటికి దీపం.

మొదట చక్రాల పెట్టెలు వచ్చాయి. ఒక ఇన్వర్టరు, లోపల ఒకటో రెండో సీసం బ్యాటరీలు. స్టేజ్ 2 వరకు అవి బాగానే పనిచేశాయి. స్టేజ్ 6లో చచ్చిపోయాయి. కారణం సులభమే. సీసం బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. నిండడానికి చాలా గంటలు కావాలి. ఒక కోతకూ ఇంకో కోతకూ మధ్య అంత టైము దొరకలేదు. సగం నిండగానే మళ్ళీ ఖాళీ. చాలామంది ఏడాది తిరగకుండానే కొత్త బ్యాటరీలు కొనవలసి వచ్చింది.

తర్వాత లిథియం బ్యాటరీలు, పలకలు కలిసి వచ్చాయి. ఎస్కమ్ లెక్క ప్రకారం దేశంలో కప్పుల మీద సోలార్ 2022 మార్చిలో 983 మెగావాట్లు ఉంది. 2023 జూన్‌కు 4,412 మెగావాట్లయింది. పదిహేను నెలల్లో నాలుగు రెట్లు దాటింది. దీన్ని ప్రభుత్వం కట్టలేదు. ఇళ్ళవాళ్ళు, దుకాణాలవాళ్ళు సొంత డబ్బుతో కట్టుకున్నారు. ప్రభుత్వం 2023 మార్చి 1 నుంచి 2024 ఫిబ్రవరి 29 దాకా ఇళ్ళవాళ్ళకు పన్నులో ఒక తగ్గింపు ఇచ్చింది. కొత్త పలకల ధరలో 25 శాతం, గరిష్ఠంగా 15,000 ర్యాండ్లు. బ్యాటరీకి, ఇన్వర్టరుకు ఆ తగ్గింపు లేదు. దేశానికి కావలసింది ఉత్పత్తి. ఇంటికి కావలసింది నిల్వ. రెండూ ఒకటి కాదని ఆ నియమమే చెబుతోంది.

2024 మార్చి 26 నుంచి కోతలు ఆగిపోయాయి. పది నెలలకు పైగా లేవు. 2025 మొదటి నెలల్లో కొన్ని రోజులు మళ్ళీ వచ్చాయి. కానీ 2023 లాంటి స్థితి తిరిగి రాలేదు. కాబట్టి ప్రశ్న మారింది. 2023లో ‘చీకటి నుంచి ఎలా బయటపడాలి’ అని అడిగాం. ఇప్పుడు అమ్మేవాళ్ళు ‘బిల్లు తగ్గుతుంది’ అంటున్నారు. వస్తువు అదే, కారణం వేరు. కారణం మారితే లెక్క కూడా మళ్ళీ వేయాలి.

మీ ఇంటి లెక్క

ఒక కాగితం తీసుకోండి. కరెంటు పోతే మీకు తప్పకుండా కావలసినవి రాయండి. మామూలు ఇంట్లో ఇలా ఉండొచ్చు: పది దీపాలకు 80 వాట్లు, టీవీకి 100, ఇంటర్నెట్ పెట్టెకు 15, ఫ్రిజ్‌కు సగటున 80. మొత్తం 275 వాట్లు. నాలుగు గంటలకు ఇది 1.1 యూనిట్లు. మార్కెట్లో సాధారణంగా దొరికే 5 యూనిట్ల బ్యాటరీలో నాలుగో వంతు కూడా ఖర్చు కాదు.

ఇప్పుడు వేడి చేసే వస్తువులు చూడండి. కెటిల్ 2,000 వాట్లు. గీజర్ 3,000 వాట్లు. అదే బ్యాటరీతో గీజర్ నడిపితే గంటన్నర, గంటా ముప్పావులో ఖాళీ. అందుకే గీజర్‌ను బ్యాటరీ వైపు కలపకండి. పలకలుంటే మధ్యాహ్నం ఎండలో గీజర్ నడిచేలా టైమర్ పెట్టండి. గీజర్‌లోని వేడి నీళ్ళు కూడా ఒక నిల్వే. అది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

తర్వాత డబ్బు లెక్క. పలకలు లేకుండా బ్యాటరీ ఒక్కటే ఉంటే బిల్లు తగ్గదు. ఊరి కరెంటునే లోపల పెట్టి మళ్ళీ తీస్తాం. మధ్యలో సుమారు పదో వంతు పోతుంది. పగలు ఒక ధర, రాత్రి ఒక ధర ఉన్న చోట మాత్రమే దానివల్ల కొంత మిగలొచ్చు.

పలకలు ఉంటే, పగలు మిగిలిన ఎండను రాత్రికి దాచుకోవచ్చు. రోజుకు 4.5 యూనిట్లు దాచి వాడాం అనుకుందాం. మబ్బు రోజులు తీసేసి ఏడాదికి 300 రోజులు. యూనిట్ 3 ర్యాండ్లు అనుకుందాం. ఏడాదికి 4,050 ర్యాండ్లు. పదేళ్ళకు సుమారు 40,000. మీ బిల్లు చూసి మీ ధరతో ఈ లెక్క మళ్ళీ వేయండి. తర్వాత బ్యాటరీకి చెప్పిన ధరను దీని పక్కన పెట్టండి. పలకల ఖర్చును ఇందులో కలపకండి, దాని లాభం వేరు. అప్పు చేసి కొంటుంటే వడ్డీ కూడా రాయండి. కరెంటు ధర పెరిగితే ఈ లాభం పెరుగుతుంది, నిజమే. కానీ అమ్మేవాళ్ళు ఎంత పెంచి చూపిస్తున్నారో అడగండి.

ఇంకో సంగతి. పలకలుంటే చాలు, కోతలో కూడా కరెంటు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఊరి లైనుకు మాత్రమే కలిపిన పలకలు లైను పోగానే ఆగిపోతాయి. తీగ మీద పనిచేస్తున్న మనిషికి షాక్ కొట్టకూడదని అలా చేస్తారు. చీకట్లో పనిచేయాలంటే దానికి తగిన ఇన్వర్టరు, బ్యాటరీ ఉండాలి.

2022 ఏప్రిల్ వరదలు మన డర్బన్‌కు మరో పాఠం నేర్పాయి. 400 మందికి పైగా చనిపోయారు. సబ్‌స్టేషన్లు, తీగలు పాడయ్యాయి. కొన్ని చోట్ల చాలా రోజులు కరెంటు లేదు. లైన్లు అంతగా దెబ్బతిన్నాయని మన ఊరికి కొంత కాలం లోడ్ షెడ్డింగ్ కూడా ఆపారు. ఒక రాత్రికి సరిపోయే బ్యాటరీ అలాంటి వారానికి సరిపోదు. పలకలు ఉంటేనే అది రోజూ మళ్ళీ నిండుతుంది. కాబట్టి ఏ చీకటి కోసం కొంటున్నారో ముందు తేల్చుకోండి: రెండు గంటల కోతా, తీగ తెగిన నాలుగు రోజులా, నెల బిల్లా.

ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ యంత్రం ఉంటే, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటే, పై లెక్కలో డబ్బు భాగం పక్కన పెట్టండి. అక్కడ బ్యాటరీ మందు లాంటిది. కానీ ఆ ఒక్క యంత్రానికి ఎంత కావాలో అంతే కొనండి. ఇల్లంతా నడపాలని లేదు.

మా గుడిలో కూడా ఇలాగే చేశాం. వంటశాల మొత్తం బ్యాటరీ మీద నడవాలని కొందరు అడిగారు. కాగితం మీద రాసి చూస్తే, తప్పనిసరి అయినవి దీపాలు, మైకు, గేటు, పాలు పెట్టే ఫ్రిజ్. వంట గ్యాసు మీదే అవుతోంది. చిన్న లిథియం బ్యాటరీతో సరిపోయింది. గర్భగుడిలో దీపానికి ఏ కంపెనీ కరెంటూ అక్కరలేదని ఒక అవ్వ అన్నారు. అందరం నవ్వాం. పాత సీసం బ్యాటరీలు ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. అందుకే వాటిని దీపం వెలిగే మూసిన గదిలో ఎప్పుడూ పెట్టకూడదు.

పని చేయించేటప్పుడు రిజిస్టర్ అయిన ఎలక్ట్రీషియన్ చేత చేయించి, ఆయన సంతకంతో ధ్రువపత్రం తీసుకోండి. మునిసిపాలిటీలో నమోదు చేయించండి. ఆ కాగితాలు లేకపోతే తర్వాత అగ్ని ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర కష్టం రావచ్చు.

మిగిలినవాళ్ళ మాట

చివరగా నన్ను ఆలోచింపజేసే విషయం ఒకటి రాస్తాను. మన మునిసిపాలిటీలు కరెంటు అమ్మి కొంత ఆదాయం తెచ్చుకుంటాయి. స్తోమత ఉన్న ఇళ్ళు తక్కువ కొంటే, తీగల ఖర్చు మిగిలినవాళ్ళ మీద పడుతుంది. అందుకే స్థిర రుసుములు వస్తున్నాయి. జొహానెస్‌బర్గ్‌లో 2024 జూలైలో ప్రీపెయిడ్ మీటరున్న ఇళ్ళకు కూడా నెలకు 200 ర్యాండ్లు, దాని మీద పన్ను వేశారు. మరోవైపు, కోతలు ఆగాయని పత్రికలు రాసిన రోజుల్లో కూడా లైన్ల మీద భారం ఎక్కువైన పేద పేటల్లో ఉదయం, సాయంత్రం కరెంటు తీస్తూనే ఉన్నారు. దానికి ‘లోడ్ రిడక్షన్’ అని వేరే పేరు పెట్టారు. తీగలు ఎవరి పేటకు వెళ్ళాయన్నది ఒకప్పటి గీత. బ్యాటరీ ఎవరి గోడ మీద ఉందన్నది ఇప్పటి గీత.

అందుకని బ్యాటరీ కొనడం తప్పని నేను అనను. మీ ఇంటికి దాని అవసరం ఉంటే కొనండి, సంతోషంగా వాడుకోండి. లెక్క కుదరకపోతే వద్దనడానికి సిగ్గుపడకండి. పక్కింటివాళ్ళ గోడ మీద ఉందని మన గోడ మీద ఉండనవసరం లేదు. కొన్నవాళ్ళు కోత రోజున పక్కింటి అవ్వగారి ఫోను ఛార్జ్ చేసి ఇవ్వండి, ఆవిడ ఇన్సులిన్ మీ ఫ్రిజ్‌లో పెట్టుకోమనండి. ఊరి లైను బాగుచేయమని మునిసిపాలిటీని అడిగే సభలకు కూడా వెళ్ళండి. సొంత బ్యాటరీ ఉన్నవాళ్ళు ఆ సభలకు రావడం మానేస్తే, అక్కడ అడిగేవాళ్ళ గొంతు చిన్నదైపోతుంది.

ఈ వారం మీ ఇంట్లో వస్తువుల వెనక రాసి ఉన్న వాట్లు చదివి, తెలుగులో ఒక జాబితా రాయండి. దీపం, ఫ్రిజ్, గీజర్, పంపు. అంకెలూ అలవాటవుతాయి, నిర్ణయమూ సులభమవుతుంది.